నాకంటే చిన్న రాయి

మా దీవి పేరు ఫోగు.
ఫోగు అంటే నిప్పు.
చుట్టూ సముద్రం, నడుమ ఒకటే కొండ,
ఆ కొండలో గిన్నెలాంటి పెద్ద గుంట,
ఆ గుంటలో మా ఊరు.
"కొండ మీదా?" అని అడుగుతారు ఓడలో వచ్చినవాళ్లు.
కాదండీ, కొండ కడుపులో!

నా పేరు నిల్జా. నాకు పదేళ్లు.
నేను రోజూ కూర్చునే నల్లరాయికి తొమ్మిది.

నవ్వకండి, నిజం.
రాళ్లన్నీ ముసలివే అనుకుంటారు అందరూ,
తాతలకు తాతలని, ముత్తాతలకు ముత్తాతలని.
ఈ రాయి పుట్టినరోజు మా అమ్మకు బాగా గుర్తు.
అప్పుడు నేను అమ్మ చంకలో
రొట్టెముక్క చప్పరిస్తున్నానట.

ముందు నేల వణికింది.
గూట్లో గిన్నెలు గలగలమన్నాయి.
కుక్కలు మొరగడం మాని చెవులు రిక్కించాయి.
కింద, చాలా కింద,
బావుల కంటే, సముద్రపు అడుగు కంటే కింద
రాయే కరిగి కుతకుతమంటోంది.
దాన్నిండా ఇరుక్కున్న ఆవిర్లు, బుడగలు.
సోడా సీసాను బాగా ఊపి మూత తీస్తే ఏమవుతుంది?
బుస్స్!
కొండకూ అదే అయింది.

నేలకింద ఉన్నంతసేపు దాని పేరు మాగ్మా,
గడప దాటి బయటికొస్తే లావా.
నాకు ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్నట్టే.

మా లావా పరుగెత్తలేదు.
ఎర్రటి పాకంలా, బద్ధకంగా,
ఒక వీధి మింగి, కాస్త ఆగి,
ఇంకో వీధి.
అందుకే మనుషులు వెళ్లగలిగారు, మేకలు వెళ్లగలిగాయి.
అదెరీతు తాత తలుపులూ కిటికీలూ ఊడదీసి
లారీ ఎక్కించాడు.
"గోడలదేముంది, రాయి ఇక్కడ బోలెడు.
ఈ కర్ర మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడట.
కషూపా కుండను మాత్రం పొయ్యి మీదే మరిచారు.
మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు, అన్నీ
ఇప్పుడు రాతికింద.
తాత ఇంకా ఆ కుండ గురించే బాధపడతాడు.

తర్వాత చల్లబడింది.
పైన ముందు, మేకపాల మీద మీగడ కట్టినట్టు.
మీగడ ముడతపడ్డ చోట తాళ్లు పేనినట్టుండే రాయి,
మీగడ విరిగి దొర్లిన చోట ముళ్లముళ్ల రాయి.
(అటు చెప్పుల్లేకుండా వెళ్లకండి, నేను వెళ్లాను.)
బయటపడలేని బుడగలు చిల్లులై మిగిలాయి.
నా రాయికి ఒక చిల్లుంది,
సరిగ్గా నా చిటికెనవేలు పడుతుంది.
గబగబా చల్లారిన రాయిలో పలుకులు మరీ సన్నం,
కంటికి ఆనవు.
కొన్ని మాత్రం నేలకిందే, తీరిగ్గా, ముందే పెరిగి వచ్చాయి.
అవి పెద్దవి. ఎండ పడితే
తళుక్కున కన్నుకొడతాయి.

మా కొత్త బడి గోడలు ఆ రాళ్లే,
తాత ఉలితో చెక్కి పేర్చినవి.
నల్లబూడిదలో గుంతలు తవ్వి మామ ద్రాక్ష నాటాడు.
వాన రాకున్నా బూడిద తడిని దాచిపెడుతుంది,
అమ్మ చిల్లర దాచినట్టు.
కొత్తింటికి పాత తలుపే.
కట్టిన మొదటేడు ఇంటి నేల గోరువెచ్చగా ఉండేదట,
లోపలి రాయి ఇంకా పూర్తిగా చల్లారక.
పిల్లి పొయ్యి దగ్గరికే వెళ్లేది కాదట!

తమ్ముడు లుసీనియు ఇదంతా విని
"మరి నేనో?" అన్నాడు.
వాడికి ఆరేళ్లు. వేళ్లు మడిచి లెక్కపెట్టాను.
"నువ్వు రాయికంటే మూడేళ్లు చిన్న.
అది నీకు అక్క."
వాడికి ఒళ్లు మండి రాయిని ఒక్క తన్ను తన్నాడు.
తన్ని, కాలు పట్టుకుని,
ఒంటికాలిమీద ఊరంతా గెంతాడు.

తాత ఉలి ఆపి
కళ్లద్దాల పైనుంచి చూశాడు.
"తప్పురా!
పెద్దవాళ్లను తన్నొచ్చా?"